పుట్టీ పెట్టేముందు...

బాలాపూర్ గణేశుడి లడ్డూ కథ మనకు కొత్తేం కాదు. 1994లో మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. 2025లో 35 లక్షలు! ఈ ముప్ఫై ఏళ్లలో శనగపిండి ధర అంత పెరిగిందా? పంచదార బంగారమైపోయిందా? ఏమీ లేదు. పాటలో గెలిచినవాళ్లకు కలిసొచ్చిందన్న కథ ఏడాదికేడాది పెరుగుతూ వచ్చింది. ధర లడ్డూది కాదు, ఆ కథది.

ఇప్పుడు బాలాపూర్ నుంచి తిన్నగా జర్మనీ వెళ్దాం. స్టుట్‌గార్ట్ నగరంలో మెర్సిడెస్ బెంజ్ వాళ్ల మ్యూజియం ఉంది. 2022 మే 5న అక్కడ తలుపులేసుకుని ఒక వేలం జరిపారు. పిలిచిన కొద్దిమందికే ప్రవేశం. వేలానికి పెట్టింది ఒకే ఒక్క కారు. వయసు 67 ఏళ్లు. పాట ముగిసేసరికి దాని వెల పదమూడున్నర కోట్ల యూరోలు. మన లెక్కలో వెయ్యి కోట్లకు పైమాటే! ప్రపంచంలో ఇప్పటిదాకా ఏ కారుకూ వేలంలో అంత ధర రాలేదు. ఏముంది దాంట్లో? ఇనుము, అల్యూమినియం, రబ్బరు, కాస్త తోలు. కిలోల లెక్కన తూస్తే మన పాత ఇనుము దుకాణంవాడు లెక్కకట్టడానికి నిమిషం పట్టదు. మరి ఆ వెయ్యి కోట్లూ దేనికి?

ఆ కారు పేరు 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హాట్ కూపే. మెర్సిడెస్ ఇంజినీరు రుడాల్ఫ్ ఊలెన్‌హాట్ తమ 300 ఎస్‌ఎల్‌ఆర్ రేసు కారుకే పైకప్పు పెట్టి, పైకి తెరుచుకునే తలుపులు బిగించి రెండంటే రెండే తయారు చేయించాడు. 1956 పోటీల్లో దింపాలన్నది ఆలోచన. కానీ 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లెమాన్స్ రేసులో ఘోరం జరిగింది. ఓ 300 ఎస్‌ఎల్‌ఆర్ మరో కారును తాకి గాల్లోకి లేచి జనం మీద పడింది. 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది చివర్లో మెర్సిడెస్ రేసుల నుంచే తప్పుకొంది. దాంతో ఈ రెండు కూపేలకూ పోటీల మొహం చూసే యోగం లేకుండా పోయింది. ఊలెన్‌హాట్ మాత్రం ఒకదాన్ని తన ఆఫీసు కారులా వాడుకున్నాడు. రేసులో ఒక్కసారీ పాల్గొనని రేసు కారు అది. ఆ లోటే దాని కథ, ఆ కథకే వెల. అమ్మగా వచ్చిన సొమ్ముతో విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. పోనీలెండి, కొంతైనా మంచిపనికి వెళ్లింది.

దీనికన్నా నాకు నచ్చిన వేలం ఇంకోటుంది. 2013 జులైలో ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో బోన్‌హామ్స్ సంస్థ ఓ పాత మెర్సిడెస్ రేసు కారును వేలానికి తెచ్చింది. పేరు డబ్ల్యు 196. అర్జెంటీనా దిగ్గజం ఫాంజియో 1954లో జర్మన్, స్విస్ గ్రాండ్ ప్రీలు రెండూ గెలిచింది ఆ కారులోనే. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ కూడా ఆయనే. అంతటి కారును అమ్మకానికి పెడుతూ కనీసం పాలిష్ చేయించలేదు! నూనె మరకలు, పెచ్చులూడిన రంగు, మాసిపోయిన సీటు... ఎలా ఉన్నది అలాగే. మనమైతే పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేయకుండా కూచోబెట్టారేంటని ముక్కున వేలేసుకుంటాం. అయినా కోటీ 96 లక్షల పౌండ్లు పలికింది. అప్పటి లెక్కన దాదాపు 175 కోట్ల రూపాయలు. కొన్నవాళ్లు ఆ మరకలకే డబ్బిచ్చారని చెప్పాలి. కొత్త రంగు వేయాలంటే ఎవరైనా వేయించుకోగలరు. 1954 నాటి రంగును మళ్లీ వేయగలిగినవాడు ఎవడూ లేడు.

అలాగని పాత రేసు కార్లన్నీ కడిగిన ముత్యాల్లా అసలు భాగాలతోనే ఉంటాయనుకుంటే పొరపాటు. మామూలు కారుకీ రేసు కారుకీ తేడా ఇక్కడే. మన ఇంటి కారును పాతికేళ్లు జాగ్రత్తగా వాడుకుంటాం. రేసు కారుకి ఆ జాగ్రత్త ఎవడికి కావాలి? ఆదివారం గెలవాలి, అంతే. ఇంజను పోతే ఇంకోటి పెడతారు. గోడకు గుద్దితే ముందుభాగం కోసేసి కొత్తది అతుకుతారు. సీజన్ అయ్యాక దాని గేరుబాక్సు ఇంకో కారులోకి, చక్రాలు మరో దాంట్లోకి. మిగిలిన గూడు షెడ్డు వెనకాల తుప్పు పడుతుంది. అప్పట్లో వాటిని దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. నిరుటి రేసు కారంటే నిన్నటి పేపరే!

మరి అలా ముక్కలుముక్కలుగా మారిపోయిన కారును ‘ఫలానా రేసు గెలిచిన కారు ఇదే’ అని అమ్మొచ్చా? లండన్ హైకోర్టు ఈ ప్రశ్న మీద ఓ పెద్ద విచారణే జరిపింది.

‘ఓల్డ్ నంబర్ వన్’ అని ఓ బెంట్లీ. 1929లోనూ 1930లోనూ లెమాన్స్ 24 గంటల రేసును వరసగా గెలిచింది. తర్వాత దాన్ని బ్రూక్‌లాండ్స్ ట్రాక్ కోసం మార్చారు. పాత ఇంజను తీసి ఎనిమిది లీటర్ల ఇంజను పెట్టారు. 1932లో ఆ ట్రాక్ మీదే అది వాలుగోడ అంచు దాటి ఎగిరిపడింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ చనిపోయాడు. ఆ తర్వాత దాన్ని మళ్లీ నిలబెట్టి, పైకప్పున్న కారుగా మార్చారు. చేతులు మారింది. మరమ్మతులు జరిగాయి. చివరికి 1990లో దాని యజమాని ఒక కంపెనీతో కోటి పౌండ్లకు బేరం కుదుర్చుకున్నాడు. తీరా డబ్బివ్వాల్సి వచ్చేసరికి కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. ‘లెమాన్స్‌లో గెలిచిన కారులోని భాగాలు ఇందులో ఎన్నున్నాయి గనక? ఇది ఆ కారే కాదు’ అన్నది వాళ్ల వాదన.

జస్టిస్ ఆటన్ ముందుకు వచ్చింది కేసు. నిపుణులు వచ్చారు. ఒక్కో భాగం ఎప్పటిదో లెక్క తేల్చారు. 1929 నాటివి దాదాపు ఏమీ మిగల్లేదు. 1930 నాటివి కొన్ని తునకలు. అయినా తీర్పు అమ్మినవాడికే అనుకూలంగా వచ్చింది. జడ్జిగారి తర్కం స్థూలంగా ఇదీ: ఈ కారు పుట్టినప్పట్నుంచీ ఎన్ని మార్పులకు లోనైనా, దాని చరిత్ర ఎక్కడా తెగిపోలేదు. ఒక రోజున దీన్ని విప్పి పారేసి ఇంకోదానికి ఈ పేరు పెట్టారని చెప్పడానికి లేదు. ఇది వేరే కారుగా మారిందని చెప్పడానికీ లేదు. కాబట్టి ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పిలిపించుకునే హక్కు దీనికుంది!

ఈ తీర్పు చదివితే నాకు మన ఊళ్లలోని గుడి రథాలు గుర్తొస్తాయి. ఒక ఏడు చక్రం మారుస్తారు. ఇంకో ఏడు ఇరుసు విరిగితే కొత్తది చేయిస్తారు. పదేళ్లకోసారి చెక్కలు మారతాయి. ముత్తాతల నాటి కలప పుల్ల కూడా మిగలకపోవచ్చు. అయినా అది ముత్తాతలు లాగిన రథమే అంటాం. ఎందుకంటే ఏ ఏడూ రథోత్సవం ఆగలేదు. మధ్యలో పాత రథాన్ని కట్టెలకు అమ్మేసి, ముప్ఫై ఏళ్ల తర్వాత ఫొటో చూసి అలాంటిదే చేయిస్తే... అది ఎంత అందంగా ఉన్నా కొత్త రథమే.

ఆ ‘తెగకపోవడాన్ని’ నిరూపించేవి కాగితాలు. రేసు నమోదు పత్రాలు, వర్క్‌షాపు పుస్తకాలు, పాత ఫొటోలు, ఉత్తరాలు, అమ్మకం రసీదులు. కాగితాల్లో ఓ ముడి సందేహంగా ఉంటే కారు ఎంత మెరిసినా లాభం లేదు. 2007లో క్రిస్టీస్ సంస్థ పారిస్‌లో వేలానికి పెట్టాలనుకున్న ఆటో యూనియన్ డి టైప్ సంగతే చూడండి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు జర్మన్లు చేసిన రేసు కార్లవి. యుద్ధం అయ్యాక సోవియట్ రష్యావాళ్లు పట్టుకుపోయారు. అక్కడ ముక్కలైపోయి దొరికిన భాగాలను పోగేసి, ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి మళ్లీ కారుగా నిలబెట్టారు. కోటీ ఇరవై లక్షల డాలర్ల దాకా వస్తాయని అంచనా. ఊరంతా ప్రచారం అయ్యాక, అది ఏ రేసుల్లో పరుగెత్తిన కారన్న విషయంలో తేడా ఉందని తేలింది. అంతే, వేలం ఆపేశారు. కారు అదే, పనితనం అదే. మారిందల్లా చరిత్రలోని ఒక వాక్యం!

వేలం పద్ధతి గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. వేలం సంస్థ ముందుగా ఓ పుస్తకం వేస్తుంది. అందులో కారు చరిత్ర, అంచనా ధర ఉంటాయి. అమ్మేవాడితో ఒక రహస్య ధర మాట్లాడుకుంటారు. పాట అక్కడిదాకా రాకపోతే కారు ఇంటికే. సుత్తి దెబ్బ పడిన ధర మీద కొన్నవాడు సంస్థకు అదనంగా కమీషన్ ఇవ్వాలి. పేపర్లలో మనం చూసే ధరలు చాలాసార్లు ఆ కమీషన్ కలిపి వేసినవే. ‘ఒకటోసారి, రెండోసారి’ మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

అసలు పనంతా వేలానికి ముందు, నూనె వాసనొచ్చే షెడ్డులో జరుగుతుంది. ఆ పనెలా ఉంటుందో ఊహించుకోవడానికి విదేశాలకే వెళ్లక్కర్లేదు. రామంతాపూర్ నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం పారిశ్రామికవాడలోకి వెళ్లండి. చిన్నచిన్న షెడ్లలో లేత్ మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. గుమ్మం ముందు చుట్టలు చుట్టలుగా ఇనుప రజను. లోపల ఓ టర్నర్, మైక్రోమీటరు కళ్లకు దగ్గరగా పెట్టుకుని. పాత కారు ప్రాణం పోసుకునేది సరిగ్గా ఇలాంటి చేతుల్లోనే. ఎందుకంటే డెబ్భై ఏళ్ల కిందటి కారుకు విడిభాగం ఏ షాపులోనూ దొరకదు. అరిగిపోయిన ముక్కను చూసి, అది అరగకముందు ఎంతుండేదో లెక్కకట్టి, కొత్తది చెక్కాలి.

మొదటి పని విప్పడం. చెప్పడానికి తేలికే గానీ నెలలు పడుతుంది. ప్రతి బోల్టునూ ఫొటో తీసి, సంచిలో వేసి, చీటీ కట్టాలి. ఏ రంగు కింద ఏ రంగుందో చూడాలి. ఒక మూల గీకితే నీలం కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు కనిపించొచ్చు. ఆ ఎరుపు కారు మొదటి యజమాని రంగు కావచ్చు. ఇదంతా చూడకుండా ముందే ఇసుకతో బ్లాస్టింగ్ కొట్టించారో, చరిత్రంతా ఆ ఇసుకతోపాటే ఊడ్చుకుపోతుంది.

తర్వాత ఇంజను. చాలా పాత ఇంజన్లలో బేరింగులంటే ఇప్పటిలా డబ్బాలో వచ్చేవి కావు. తెల్లలోహాన్ని కరిగించి అక్కడికక్కడే పోత పోయాలి. చల్లారాక షాఫ్టుకు సరిపడేలా బోర్ చేయాలి. పోత ఇనుప బ్లాకు పగిలితే వెల్డింగు చేయడం కష్టం. వేడికి ఇంకోచోట పగులుతుంది. అందుకే పగులు పొడవునా చిన్న రంధ్రాలు వేసి, లోహపు మేకులు బిగిస్తూ ‘కుట్టేస్తారు’. గాయానికి కుట్లేసినట్టే! బాడీ అల్యూమినియంది అయితే ఇసుక సంచి మీద రేకు పెట్టి, చెక్కసుత్తితో కొట్టి కొట్టి వంపు తేవాలి. మన డెంటింగ్ షెడ్లలో మడ్‌గార్డును సుత్తితో సరిచేసే పెద్దాయన చేతికి ఈ పని అర్థమవుతుంది. ఆయన పక్కన పుట్టీ డబ్బాతో కూచున్న కుర్రాడికి అర్థమవుతుందా అన్నది నా అనుమానం.

ఇక్కడే ఓ చిక్కుంది. ఈ కార్లు గాజుపెట్టెలో పెట్టుకోవడానికే కాదు. మొనాకోలోనూ గుడ్‌వుడ్‌లోనూ పాత కార్లకు ఇప్పటికీ రేసులు జరుగుతాయి. గంటకు రెండొందల కిలోమీటర్ల వేగంతో వెళ్లేదానికి 1950 నాటి స్టీరింగ్ కడ్డీ, అప్పటి పెట్రోలు ట్యాంకు ఉంటే నడిపేవాడి ప్రాణం మీదికొస్తుంది. అందుకని రంగు ద్రవం పూసి కంటికి కనిపించని పగుళ్లు వెతుకుతారు. అనుమానం ఉన్న భాగం తీసేసి కొత్తది పెడతారు. మరి అసలు భాగం? పారేయరు. చీటీ రాసి పెట్టెలో దాస్తారు. కారు అమ్మినప్పుడు ఆ పెట్టె కూడా కారుతోపాటే వెళ్తుంది. తెలివైన పద్ధతి. మన కార్ఖానాల్లో పాత భాగాలు పాత ఇనుపవాడి బండెక్కడం చూసి చూసి ఇది నాకు వింతగానే అనిపించింది.

అన్నట్టు, ఇనుము పని చేసేవాళ్లు దొరికినా కొత్తతరం కార్లకు ఇంకో తలనొప్పి. 1990ల నాటి మెక్‌లారెన్ ఎఫ్1 కార్ల బాగోగులు చూడటానికి ఆ కంపెనీ పాతకాలపు కాంపాక్ ల్యాప్‌టాప్‌లను దాచిపెట్టుకోవాల్సి వచ్చింది. కొత్త కంప్యూటర్లకు ఆ కారు భాష తెలియదు మరి! 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్లు రివ్వున తిరిగాయి కదా. వాటిని యాభై ఏళ్ల తర్వాత బతికించాలంటే లేత్ మిషన్ ఏం చేస్తుంది?

మన దగ్గర పాత కార్లనగానే అందరికీ చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం రోల్స్ రాయిస్ గుర్తొస్తుంది. పసుపు రంగు, వెనక సింహాసనం లాంటి సీటు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకోవాలనుకున్నారు. 1911లో ఆయన కన్నుమూశారు. కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతికొచ్చింది. అది తిరిగింది నాలుగొందల మైళ్లు కూడా లేదంటారు. దశాబ్దాలు మూలనపడి ఉన్నదాన్ని బాగుచేయించి జనం చూడ్డానికి పెట్టారు. చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ రాజుల కార్లను కాపాడటానికి రాజప్రాసాదాలున్నాయి. రేసు కార్లకు ఎవరున్నారు?

ఉండేవి మనకూ. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలో, ఊరింకా కాసేపట్లో వస్తుందనగా షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడుంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వే మీదే ఏళ్ల తరబడి రేసులు నడిపింది. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా షోలవరమే దక్షిణాది రేసులకు కాశీ. అక్కడ పరుగెత్తినవేంటి? ఫెరారీలు కావు. ఎక్కువగా మన రోడ్ల మీద తిరిగే ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు. దిగుమతులకు లైసెన్సుల రోజులాయె. ఉన్నదాన్నే కోసి, బోర్ చేసి, బరువు తగ్గించి రేసు కారు చేసుకున్నారు.

ఆ మనుషుల్లో మనవాడొకరున్నారు. సుందరం కరివర్ధన్. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ కుటుంబం. తరాల కిందట వలసవెళ్లినా ఇళ్లలో తెలుగే మాట్లాడుకునే నాయుళ్లు. (జి.డి.నాయుడు ఊరే అది. ఆయన పేరున కోయంబత్తూరులో ఓ మంచి కార్ల మ్యూజియం 2015 నుంచి ఉంది. అటు వెళ్తే పిల్లల్ని తీసుకెళ్లండి.) కరివర్ధన్‌కు డబ్బుకు కొదవలేదు. కావాలంటే విదేశీ కార్లు తెప్పించుకుని తానొక్కడే గెలుస్తూ కూచోవచ్చు. ఆయన చేసింది వేరు. మారుతి 800 ఇంజను తీసుకుని, దాని చుట్టూ ఒంటి సీటు రేసు కారు కట్టారు. 1988లో వచ్చిన ఆ ఫార్ములా మారుతి, ఆస్తులున్నవాళ్లకే పరిమితమైన ఆటను మామూలు కుర్రాళ్లకు కాస్త దగ్గర చేసింది. అదే కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్ ఫార్ములా మారుతిలోనే మొదలుపెట్టి, 2005లో ఫార్ములా వన్‌లో కాలుపెట్టిన తొలి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ అది చూడలేదు. 1995లోనే పోయారు. ఆయన పేరుతో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది.

నా బాధల్లా ఒకటే. ఫాంజియో కారు నూనె మరకకు విలువ కట్టగలిగిన ప్రపంచం ఉంది. షోలవరంలో పరుగెత్తిన ఫియట్ పైకప్పు మీది గీతకు విలువ కట్టేదెవరు? అలాంటి కారు ఎవరింట్లోనైనా ఉన్నా, దాన్ని బాగుచేయడమంటే మనకు తెలిసింది ఒకటే దారి. షోరూం నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేసేయడం.

ఇది గాల్లోంచి వచ్చిన భయం కాదు. రామంతాపూర్‌లో మా బాబాయి వరసాయన ఒకరున్నారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, తార్పాలిన్ కింద 1960ల నాటి ఫియట్ 1100 డిలైట్. వాళ్ల నాన్న ఎప్పుడో మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పిల్లలు అమెరికాలో. షెడ్డు తీసేసి పోర్షన్ వేసి అద్దెకిద్దామని పిన్ని పోరు. మొన్నో ఆదివారం వెళ్తే కారు దగ్గరికి తీసుకెళ్లారు.

‘‘మంచిగ పుట్టీ పెట్టించి, రెండు కోట్లు పెయింట్ కొట్టిస్తే కొత్తపెళ్లికూతురు లెక్క తయారైతదిరా. ఎవడో ఒకడు కొనకపోతడా?’’ అన్నారు. (పెయింటు కోట్లే లెండి, రూపాయల కోట్లు కావు.)

తార్పాలిన్ తీసి లోపలికి తొంగిచూశాను. డ్యాష్‌బోర్డులో స్టీరింగ్ పక్కన గుండ్రటి రంధ్రం. అక్కడ కంపెనీవాళ్లు పెట్టిన మీటరేదీ ఉండదు. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే మీటరు బిగించుకునేది అలాంటి చోటే. వెనకసీటు ఎత్తితే నేల రేకులో నాలుగు బోల్టు రంధ్రాలు, రెండు అటు, రెండు ఇటు. కారు పల్టీ కొడితే నెత్తి పగలకుండా ఇనుప కడ్డీ బిగించే చోటది. బానెట్‌కు తోలు బెల్టులు వేసిన గుర్తులు.

‘‘బాబాయ్, ఈ రంధ్రాలేంటి?’’

‘‘ఏమోరా, మా నాయన కొన్నప్పటికెల్లి అట్లనే ఉన్నయి. గవే పూడ్పియ్యాలె ముందుగాల.’’

గుండె గుభేల్‌మంది. ఆ కారు గురించి ఏదైనా తెలిసే దారి ఉందంటే అది ఆ రంధ్రాలే! ఒక్క పూటలో, మూడొందల రూపాయల పుట్టీతో మాయమైపోతాయి. అప్పుడది నిగనిగలాడే ఫియట్. అలాంటివి నగరంలో ఇంకా కొన్ని ఉంటాయి.

చట్టం కూడా ఇక్కడ తిరకాసు పెడుతుంది. కేంద్రం 2021 జులైలో పాత వాహనాల కోసం నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషనై యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా తీసుకోవడానికి ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్‌కు 5 వేలు. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి లేదు. ప్రదర్శనలకూ వింటేజ్ ర్యాలీలకూ బయటికి తీయొచ్చు. మంచి నిబంధనే. మంచి పాత కార్లు తుక్కు కిందకు పోకుండా అడ్డుకుంటుంది. కానీ అందులో ఒక షరతుంది. కారు అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు.

సరే, షోలవరంలో పరుగెత్తిన ఫియట్ అసలు రూపమేది? ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా, రేసులో దిగిందా? ఇంజను బోర్ చేయకపోతే, బాడీ తేలిక చేయకపోతే అది రేసు కారే కాదు. నిబంధనను అక్షరాలా చదివితే ఆ మార్పులే దానికి అనర్హత. ఆ అర్హత కోసం మార్పులన్నీ తీసేస్తే నంబరు ప్లేటు దక్కుతుంది, చరిత్ర పోతుంది. పోటీల్లో దిగినట్టు ఆధారాలున్న కార్లకు ఆ మార్పులనే అసలు రూపంగా గుర్తించే వెసులుబాటు ఉండాలని నా అభిప్రాయం. పాత రేసు కార్లకు ప్రపంచ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ ఇచ్చే సాంకేతిక పాస్‌పోర్టు ఉంది. కారు ఏ కాలంలో ఏ రూపంలో పోటీపడిందో అందులో నమోదు చేస్తారు. మనవాళ్లు దాన్నో నమూనాగా తీసుకోవచ్చు.

మా బాబాయికి ఇదంతా చెప్పేసరికి టీ చల్లారిపోయింది. ‘‘అంటే ఇది రేసు కారంటవా?’’ అన్నారు. అవునని నేనెలా అంటాను? రంధ్రాలు సాక్ష్యమే గానీ తీర్పు కాదు. ఎవరో కుర్రాడు సరదాపడి మీటరు బిగించుకుని ఉండొచ్చు కూడా. తేలాలంటే కాగితాలు కావాలి. ఆయన ముందు ఒప్పుకోలేదు గానీ, పిన్ని బీరువాలోంచి ఓ రెక్సిన్ సంచి తీసుకొచ్చింది. వాళ్ల మామగారి కాగితాలట. అందులో పాత మద్రాసు రిజిస్ట్రేషన్ పుస్తకం దొరికింది. మొదటి యజమాని పేరు, ఊరు, తేదీ, ఇంజను నంబరు అన్నీ ఉన్నాయి. కారులోని ఇంజను మీద నంబరు కిరసనాయిల్ గుడ్డతో తుడిచి చూశాం. పుస్తకంలో ఉన్నది వేరే! ఇంజను ఎప్పుడో మారింది. ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు?

ఆ రోజు సాయంత్రం దాకా ఫొటోలు తీశాం. నంబర్ల పలకలు, రంధ్రాలు, వాటి మధ్య దూరం స్కేలు పెట్టి, తలుపు అంచున గీకితే బయటపడిన పాత రంగు. పుస్తకంలోని పేజీలన్నీ. మీ ఇంట్లోనూ అలాంటి బండి ఉంటే, కారే కానక్కర్లేదు, తాతగారి బుల్లెట్ అయినా సరే, మెకానిక్‌ను పిలిచేముందు ఈ పని చేయండి. తీసిన ప్రతి ముక్కా సంచిలో వేసి చీటీ కట్టమని అతనికి ముందే చెప్పండి. ఫొటో తీయడానికి ఖర్చేం కాదు.

మొదటి యజమాని చిరునామా మద్రాసు మైలాపూర్‌లోని ఓ వీధి. వాళ్ల తాలూకువాళ్లు ఇప్పటికీ అక్కడ ఉన్నారో లేదో కనుక్కోవడానికి బాబాయి ఓ ఉత్తరం రాశారు. పోస్టులో పంపి పన్నెండు రోజులైంది. షెడ్డు కూల్చడం సంక్రాంతి దాకా వాయిదా పడింది. పిన్ని మాత్రం నాతో మాట్లాడటం మానేసింది.